రిసోటోలో పోసిన నీళ్లు: ఒక సీలియాక్ కేసు

నేను న్యూజెర్సీలో డైటీషియన్‌గా పనిచేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది తెలుగువాళ్లు, గుజరాతీలు. ఇది గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉన్న ఒకావిడ కేసు. రాస్తానంటే పేషెంటు ఒప్పుకున్నారు. ఆవిడ వయసు, ఉద్యోగం, కుటుంబం గురించిన కొన్ని వివరాలు మార్చాను. రెస్టారెంట్ ఏదో తెలిసేలా ఏమీ రాయలేదు. పరీక్షల అంకెలు, ఒక్కో నిర్ణయం వెనక ఉన్న ఆలోచన మాత్రం జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

నేపథ్యం

ఆవిడకు నలభై దాటాయి. కోస్తా ఆంధ్ర నుంచి వచ్చి పదిహేనేళ్లకు పైనే అయింది. పూర్తి శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. ఇంట్లో భర్త, హైస్కూల్ చదివే కొడుకు. వంటంతా ఆవిడే. పొద్దున ఇడ్లీ లేదా పెసరట్టు, మధ్యాహ్నం డబ్బాలో అన్నం, కూర, రాత్రికి పప్పు, చారు, పెరుగు. భర్తకు మాత్రం రాత్రిపూట చపాతీలు.

శుక్రవారం సాయంత్రం ఇంట్లో పొయ్యి వెలిగించరు. నడిచి వెళ్లేంత దూరంలో ఒక చిన్న ఇటాలియన్ రెస్టారెంట్ ఉంది. మొత్తం పన్నెండు టేబుళ్లు. భర్త వండుతాడు, భార్య వడ్డిస్తుంది. వాళ్ల పెద్దలు నేపుల్స్ దగ్గరి ఊరి నుంచి వచ్చారు. న్యూజెర్సీలో బార్ లైసెన్సు 3,000 మంది జనాభాకు ఒకటి లెక్కన ఇస్తారు. అది చిన్నవాళ్లు కొనగలిగే ధరలో ఉండదు. అందుకే ఇలాంటి చోట్ల బార్ ఉండదు, వైన్ కావాలనుకునేవాళ్లు సీసా ఇంటి నుంచే తెచ్చుకుంటారు. బార్ లేకపోవడం చూసే మొదటిసారి పిల్లాడితో ధైర్యంగా లోపలికి వెళ్లామని ఆవిడ చెప్పారు. ఆ తర్వాత ఏడేళ్లుగా దాదాపు ప్రతి శుక్రవారం అక్కడే. ఎర్ర సాస్‌తో పెన్నె అనే గొట్టాల పాస్తా, మినెస్ట్రోనె అనే కూరగాయల సూప్, వేడి ఫొకాచా రొట్టె, పక్కన ఎండుమిరప గింజలు. వాళ్లు గుమ్మం దాటేసరికి వంటాయన సాస్‌లో వెల్లుల్లి ఇంకొంచెం వేస్తాడట.

ఈ శుక్రవారాల గురించి ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. మొదటిరోజు ఫారంలో "బయట తినడం: వారానికి ఒకసారి" అని ఒక్క ముక్క రాసుకుని ముందుకు వెళ్లిపోయాను. ఆ ఒక్క ముక్క వెనక ఎంత ఉందో తెలుసుకోవడానికి నాకు తొమ్మిది నెలలకు పైనే పట్టింది.

వచ్చిన సమస్య

రెండేళ్లుగా రక్తం తక్కువ. ఐరన్ మాత్రలు వాడుతున్నా, ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ అంకె 6 దాటడం లేదు. కడుపుబ్బరం, నీరసం, నోట్లో పుళ్లు. నెలసరి వల్ల అన్నారు, శాకాహారం వల్ల అన్నారు, టెన్షన్ వల్ల అన్నారు. చివరికి ఒక గ్యాస్ట్రో డాక్టరు టీటీజీ-ఐజీఏ అనే యాంటీబాడీలను కొలిచే రక్తపరీక్ష చేయించారు. ఆ ల్యాబ్‌లో 4 లోపు ఉంటే మామూలు. ఆవిడకు 100 దాటింది. ఎండోస్కోపీలో తీసిన ముక్కలో చిన్నపేగు లోపలి నూగు అరిగిపోయి కనిపించింది. సీలియాక్ అని తేల్చి నా దగ్గరికి పంపారు.

మనవాళ్లకు దీన్ని చెప్పడం కొంచెం కష్టం. ఇది అజీర్తి కాదు, అలెర్జీ కూడా కాదు. గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ లోపలికి వెళ్లినప్పుడు శరీరం తన పేగునే దెబ్బతీసుకుంటుంది. నూగు అరిగితే ఐరన్ ఒంటికి పట్టదు, మాత్రలు ఎన్ని మింగినా అంతే. మందు లేదు. గ్లూటెన్ పూర్తిగా మానడమే వైద్యం, అదీ జీవితాంతం. "కొంచెం తింటే ఏమవుతుందండీ?" అనేది అందరూ అడిగే ప్రశ్న. రోజుకు 50 మిల్లీగ్రాముల గ్లూటెన్ మూడు నెలల పాటు తిన్నా పేగు దెబ్బతింటుందని 2007లో ఇటలీ పరిశోధకుల బృందం చూపించింది. రోజుకు 10 మిల్లీగ్రాముల లోపయితే చాలామందికి ఇబ్బంది ఉండదన్నది మేము వాడే అంచనా. ఒక బ్రెడ్ ముక్కలో ఉండే గ్లూటెన్ గ్రాముల్లో ఉంటుంది.

మొదట చేసినవి

ఇల్లు తేలికనుకున్నాను. బియ్యం, మినుములు, పెసలు, కంది, అన్నీ గ్లూటెన్ లేనివే. బొంబాయి రవ్వ, సేమియా, మైదా బొబ్బట్లు, పాలల్లో కలుపుకునే మాల్ట్ పొడి తీసేయించాను. చపాతీ పెనం, పెసరట్టు పెనం వేరు చేయించాను. చపాతీ పిండి కలిపే గిన్నె, కర్ర విడిగా ఒక అలమరలోకి వెళ్లాయి. ఆవిడ చాలా పద్ధతైన మనిషి, రెండు వారాల్లో అంతా చేసేశారు. ఇంటి సంగతి పూర్తయిందని నా ఫైలులో రాసుకున్నాను.

రెస్టారెంట్ మెనూలో "గ్లూటెన్ ఫ్రీ పెన్నె, 3 డాలర్లు అదనం" అని ఉంది. సీలియాక్ అంటే ఏమిటో, ఏవి పడవో రాసిన చిన్న కార్డు ఇచ్చి పంపాను. ఫొకాచా, సూప్ మానేశారు. మినెస్ట్రోనెలో చిన్న పాస్తా ముక్కలు వేస్తారు. పెన్నె మాత్రం కొనసాగింది.

రెండు నెలల్లో నోటి పుళ్లు తగ్గాయి, కానీ శనివారాలు కుదుటపడలేదు. నేను రాయమన్న డైరీలో శనివారం మధ్యాహ్నం పొట్ట రాయిలా ఉందని మళ్లీ మళ్లీ కనిపించింది. శుక్రవారం రాత్రికీ దీనికీ సంబంధం ఉందని ఎవరైనా చెప్పగలరు. పెన్నె ఏ నీళ్లలో ఉడుకుతోందో అడగమన్నాను. వడ్డించే ఆవిడ దాపరికం లేకుండా చెప్పింది: జాలీ బుట్ట వేరేదే, కుండ మాత్రం ఒకటే. సాయంత్రం ఐదు నుంచి రాత్రి పది దాకా మామూలు పాస్తా ఉడికే నీళ్లలోనే ఈ బుట్టనూ ముంచుతారు. బుట్ట వేరు చేస్తే చాలని వాళ్లు మనస్ఫూర్తిగా నమ్మారు.

అమెరికాలో "గ్లూటెన్ ఫ్రీ" అని రాసిన ప్యాకెట్ ఆహారంలో గ్లూటెన్ 20 పీపీఎం (పది లక్షల పాళ్లలో 20 పాళ్లు) కంటే తక్కువ ఉండాలని ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2013లో నియమం పెట్టింది, 2014 ఆగస్టు నుంచి అమలు చేసింది. ఆ పెన్నె ప్యాకెట్ ఆ నియమానికి లోబడే ఉంది. కుండలో దిగాక దాన్ని కొలిచేవాళ్లు ఎవరూ లేరు.

సరే, పాస్తాయే వద్దు, రిసోటో తినండి అన్నాను. ఇప్పటికీ చాలామందికి ఇచ్చే సలహానే ఇది. రిసోటో అంటే ఆర్బోరియో లేదా కార్నరోలి బియ్యాన్ని కొద్దికొద్దిగా కూరగాయల స్టాక్ పోస్తూ, కలుపుతూ మెత్తగా ఉడికించే వంట. బియ్యం, ఉల్లిపాయ, పుట్టగొడుగులు, వెన్న. గోధుమ దగ్గరికి కూడా రాదు. చీజ్ గురించి కూడా అప్పుడే చెప్పాను. పర్మిజానో రెజ్జానో అనే చీజ్‌ను నియమం ప్రకారం దూడ పొట్ట నుంచి తీసే రెన్నెట్‌తోనే చేయాలి. ఇది గ్లూటెన్‌కు సంబంధించిన విషయం కాదు. కానీ ఏడేళ్లుగా తెలియక తింటున్న శాకాహారికి చెప్పకుండా ఉండలేకపోయాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అది లేకుండానే చేయించుకోవడం మొదలుపెట్టారు.

పని చేయనివి

ఆరో నెలలో టీటీజీ 41 వచ్చింది. తగ్గింది, కానీ ఇంత జాగ్రత్తగా ఉన్న మనిషికి అది చాలదు. ఫెరిటిన్ 9. రిసోటోకు మారినా మూడు శనివారాల్లో రెండు పాడవుతున్నాయి.

అప్పుడు నేను తీసుకున్న నిర్ణయం రెస్టారెంట్ మానేయమనడం. నా తర్కం ఇదీ: ఇంట్లో ఆవిడ తిండిలో గోధుమ లేదు, బయట తినేది ఒక్క చోటే, లక్షణాలు ఆ మర్నాడే వస్తున్నాయి. ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం ఏముంటుంది? ఆవిడ "సరేనండీ" అన్నారు, ఇంకేమీ అడగలేదు.

మూడు నెలల తర్వాత శనివారాలు శుభ్రపడ్డాయి. పొట్ట నొప్పి లేదు. కానీ టీటీజీ 33, ఫెరిటిన్ 11. బరువు మూడు కిలోలు తగ్గారు. శుక్రవారం భర్త ఆఫీసులోనే ఆలస్యంగా ఉంటున్నారట, కొడుకు స్నేహితులతో బయట తింటున్నాడట. "మా వీధి చివర దాకా వెళ్లాలన్నా ఇప్పుడు వేరే దారిలో వెళ్తున్నాను, వాళ్లు పిలుస్తారేమోనని," అన్నారు ఆవిడ.

ఆ మాట విన్నాక ఫైలు మొదటి పేజీ నుంచి మళ్లీ చదివాను. బయట తినొద్దని చెప్పడం కూడా ఒక మందు ఇవ్వడమే. దానికీ మోతాదు ఉంటుంది, దుష్ఫలితాలు ఉంటాయి. నేను దాన్ని ఖర్చు లేని సలహాలా ఇచ్చాను.

రెండో విషయం అంకెల్లో ఉంది. లక్షణాలు పోయాయి, యాంటీబాడీలు పెద్దగా తగ్గలేదు. ఈ రెండూ వేర్వేరు సాక్షులు. కడుపు నొప్పి నిన్న తిన్నదాని గురించి చెబుతుంది. టీటీజీ కొన్ని నెలలుగా రోజూ లోపలికి వెళ్తున్నదాని గురించి చెబుతుంది. రెస్టారెంట్ తప్పు నిజమే, శనివారాలు దాన్ని నిరూపించాయి. కానీ అదొక్కటే అయితే మూడు నెలల్లో అంకె ఇంకా బాగా పడాలి. పెద్దవాళ్లలో కొందరికి ఏడాది దాటినా పడదు, ఆగి చూద్దామా అని గ్యాస్ట్రో డాక్టరు అడిగారు. అది తీసిపారేయదగ్గ మాట కాదు. కానీ ఫెరిటిన్ కదలకపోవడం వల్ల నాకు ఆగాలనిపించలేదు. వారానికి ఒకసారి కాకుండా, రోజూ, కొంచెం కొంచెంగా ఏదో లోపలికి వెళ్తోందని అనుమానం వచ్చింది. రోజూ అంటే ఇల్లే.

పోపు డబ్బా

మూడు రోజుల భోజనం రాయించుకుంటే కాగితం మీద గోధుమ జాడ లేదు. దాంతో ఏం తిన్నారని అడగడం మానేసి, వండేటప్పుడు చెయ్యి ఎక్కడెక్కడికి వెళ్తుందో వరుసగా చెప్పమన్నాను. నూనె, ఆవాలు, మినప్పప్పు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, ఇంగువ. పోపు డబ్బాలో, దాని పక్కన ఉన్న ప్రతి సీసాకూ వెనకవైపు ఫొటో తీసి పంపమన్నాను.

ఇంగువ డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉంది: గోధుమ పిండి, తినే జిగురు, ఇంగువ. వరుసలో మొదటిదే గోధుమ పిండి. అసలైన ఇంగువ ఒక మొక్క వేరు నుంచి కారే పాలు గట్టిపడ్డ బంక, చాలా ఘాటు. పొడిగా అమ్మేటప్పుడు దానికి పిండి, జిగురు కలుపుతారు. కొన్నింటిలో బియ్యప్పిండి ఉంటుంది, చాలావాటిలో గోధుమ పిండి లేదా మైదా ఉంటుంది. ముద్ద ఇంగువ అయితే స్వచ్ఛం అనుకోవడానికీ లేదు, చాలా ముద్దల్లోనూ పిండి కలుస్తుంది.

ఎంత వేస్తారని అడిగితే "చిటికెడు" అన్నారు. వేసి చూపించమన్నాను. పావు చెంచా ఉంది. లెక్క వేశాం. అందులో పిండి సుమారు అర గ్రాము అనుకుంటే, గోధుమ పిండిలో గ్లూటెన్ పదో వంతు, అంటే 50 మిల్లీగ్రాములు. ముగ్గురికి పంచితే ఒక్కొక్కరికి 16, 17. పప్పులో ఒకసారి, చారులో ఒకసారి. పులిహోర చేసిన రోజు ఇంకోసారి. ఇది కచ్చితమైన కొలత కాదు, కానీ 10 మిల్లీగ్రాముల గీత ఎంత సులువుగా దాటిపోతున్నారో తెలియడానికి చాలు.

మొదటిరోజే నేను అడగాల్సింది. నేనూ రోజూ ఇంగువ వేసే తెలుగింటి మనిషినే. మనకు ఇంగువ తిండి కాదు, వాసన. అందుకే ఆవిడ డైరీలో రాయలేదు, నేను అడగలేదు.

వంటగదిలోకి

ఇక్కడ ఒక చిక్కు వచ్చింది. ఇంగువను గోధుమ లేనిదానికి మార్చి, అదే వారం రెస్టారెంట్ కూడా మళ్లీ మొదలుపెడితే, రేపు అంకె కదిలినా కదలకపోయినా దేనివల్లో తెలియదు. కాబట్టి మూడు నెలలు ఇంగువ ఒక్కటే మార్చాలి. కానీ ఆవిడను మరో మూడు నెలలు ఆ వీధికి దూరంగా ఉంచడం నాకు ఇష్టం లేదు. కాసేపు ఆలోచించి, ఇంట్లో తినేసి, శుక్రవారం ముగ్గురూ అక్కడికి వెళ్లి కూర్చోమన్నాను. వాళ్లిద్దరూ తింటారు, ఆవిడ మూత తీయని సోడా సీసా తెప్పించుకుంటారు. మొదటివారం ఏడుపొచ్చిందని చెప్పారు. రెండోవారం యజమానురాలు ఒక కమలాపండు, కడిగిన కత్తి తెచ్చి, వాళ్ల ముందే ఒలిచి పెట్టిందట.

ఆ మూడు నెలల్లోనే, ఆవిడ అనుమతితో, మధ్యాహ్నం మూడింటికి ఆ వంటగదికి వెళ్లాను. వంటాయన తలుపు పూర్తిగా తెరిచాడు. వాళ్ల పిన్నికి ఇటలీలో ఇదే జబ్బు ఉందట. అక్కడ 2005లోనే సీలియాక్ మీద ప్రత్యేకంగా 123వ నంబరు చట్టం వచ్చింది. రోగులకు గ్లూటెన్ లేని ఆహారం కోసం ప్రభుత్వం నెలనెలా కొంత మొత్తం ఇస్తుంది. సీలియాక్ రోగుల సంఘం శిక్షణ ఇచ్చిన రెస్టారెంట్ల జాబితా కూడా ఉంటుంది. ఇవన్నీ నాకన్నా వివరంగా ఆయనే చెప్పాడు. కానీ తన వంటగదిలో ఎక్కడ జారుతోందో ఆయనకూ తెలియదు.

రిసోటో చేసి చూపించమన్నాను. మధ్యాహ్నమే సగం ఉడికించి పళ్లెంలో పరిచిన బియ్యాన్ని తీసి, పెనంలో వేసి, వేడి స్టాక్ పోశాడు. బాగుంది. చివర్లో కొంచెం గట్టిపడగానే, అటు చూడకుండానే చెయ్యి చాచి, పక్కనున్న పాస్తా కుండలోంచి గరిటెడు నీళ్లు తీసి పోశాడు.

ఆ నీళ్లు మనకు తెలిసినవే. అన్నం వార్చిన గంజి లాంటివి. పాస్తా నుంచి దిగిన పిండి వల్ల అవి నూనెనూ సాస్‌నూ కలిపి చిక్కగా పట్టి ఉంచుతాయి. ఇటాలియన్ వంటవాళ్లు వాటిని పారబోయరు, సాస్ ముగింపు వాటితోనే. రిసోటోకు అవి అక్కర్లేదు. కానీ రద్దీలో అన్నిటికన్నా దగ్గరగా ఉన్న వేడినీళ్లు అవే. ఏ కార్డు మీదా, ఏ మెనూలోనూ ఆ గరిటె గురించి ఉండదు. నేను ఎదురుగా నిలబడకపోతే ఆయన కూడా చెప్పేవాడు కాదు, ఎందుకంటే ఆ చెయ్యి అలవాటుగా వెళ్లింది. ఇంట్లో ఇంగువ దగ్గరికి వెళ్లిన చెయ్యి కూడా అలాగే వెళ్లింది.

పని చేసినవి

మూతున్న చిన్న గిన్నె ఒకటి, దాని పిడికి ఎర్ర టేపు. ప్రతిసారి కొత్త నీళ్లు, వెనక పొయ్యి మీద. జల్లెడ కొత్తది, ఎందుకంటే పాతదాని కన్నాల్లో అంటుకున్న పిండి ఎంత రుద్దినా పూర్తిగా పోదు. పొద్దున చేసిన టమాటా సాస్‌లో ఒక డబ్బా, పాస్తా గరిటె తగలకముందే తీసి పక్కన పెట్టడం. ఆవిడకు వేరే పెనం, వేరే పట్టకారు. రిసోటో పలచబరచడానికి కెటిల్ నీళ్లు. ఆర్డర్ చీటీ మీద "గ్లూటెన్ ఫ్రీ" అని కాకుండా "సీలియాక్" అని రాయడం, ఎందుకంటే మొదటిమాట ఇష్టంలా వినిపిస్తోందని వంటాయనే అన్నాడు. పళ్లెం ఒక్కరే తెచ్చి చేతికివ్వడం. రొట్టె బుట్ట టేబుల్ అవతలి చివర.

అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది సమయం. వాళ్లు ఐదున్నరకు వెళ్తారు. అప్పటికి గదిలో ఇంకెవరూ ఉండరు, వంటాయన చెయ్యి తొందరపడదు. ఏ జాగ్రత్తయినా రద్దీలోనే తప్పుతుంది.

ఇంగువ మార్చిన మూడు నెలలకు, అంటే పన్నెండో నెలలో, టీటీజీ 9. ఫెరిటిన్ 22. అప్పుడు రెస్టారెంట్‌లో తినడం మళ్లీ మొదలుపెట్టాం. పదిహేనో నెలలో 5. శనివారాలు ప్రశాంతం. పద్దెనిమిదో నెలలో 4 లోపు, ఫెరిటిన్ 34. బయట తింటూనే అంకె తగ్గుతూ వచ్చింది కాబట్టి ఆ ఏర్పాటు పనిచేస్తోందని చెప్పగలిగాను. ఒకవేళ పెరిగి ఉంటే మళ్లీ సోడా సీసా దగ్గరికే వెళ్లేవాళ్లం. ఆ సంగతి ముందే ఆవిడతో, యజమానులతో చెప్పి ఉంచాను.

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో మార్పులు

మొదటి అపాయింట్‌మెంట్‌లోనే పోపు డబ్బా ఫొటోలు అడుగుతున్నాను. గ్లూటెన్ ఉన్న పదార్థాల జాబితా ఇచ్చే బదులు, పొయ్యి దగ్గర చేతుల కదలిక అడుగుతున్నాను. బయట తినేవాళ్లకు "గ్లూటెన్ ఫ్రీ ఉందా?" అనే ప్రశ్న నేర్పడం మానేశాను. "ఇది ఏ నీళ్లలో ఉడుకుతుంది? చివర్లో ఏం పోస్తారు?" అని అడగమంటున్నాను. వంకాయ, చీజ్ పొరలుగా వేసి కాల్చే వంటకానికి ముక్కల్ని చాలాచోట్ల పిండిలోనో రొట్టె పొడిలోనో దొర్లిస్తారు కాబట్టి దాని గురించి విడిగా అడగాలి. ఫారో అని మెనూలో ఉంటే అది గోధుమ జాతిదే. ఆలుగడ్డతో చిన్న ఉండల్లా చేసే న్యోకిలోనూ సాధారణంగా మైదా ఉంటుంది. పొలెంటా మన మొక్కజొన్న సంకటి లాంటిదే, అదే కుండ నీళ్లు కలపకపోతే మంచిది. ఎవరికైనా బయట తినొద్దని చెప్పాల్సి వస్తే, ఎన్నాళ్లు, ఏ అంకె చూసి మళ్లీ మొదలుపెడతామో తేదీతో సహా రాసిస్తున్నాను.

తేలనిది ఒకటి ఉంది. ఆ కొడుకు పుట్టినరోజుకు ముగ్గురూ కలిసి పిజ్జా తినాలని ఆవిడ కోరిక. వంటాయన గ్లూటెన్ లేని పిజ్జా పిండి తెప్పిస్తానన్నాడు, విడిగా చిన్న ఓవెన్ కూడా కొంటానన్నాడు. నేను వద్దన్నాను. ఆ గదిలో రోజంతా మైదా చల్లుతూ పిండి సాగదీస్తారు. అది గాలిలో లేచి ఓవెన్ మీద, బల్ల మీద, భుజాల మీద వాలుతుంది. ఓవెన్ వేరైనా గాలి ఒకటే. సోమవారం సెలవు కదా, ఆదివారం రాత్రి అంతా కడిగి, సోమవారం ఒక్క ఆ పిజ్జా కోసమే తెరిస్తే ఎలా ఉంటుందని ఆయన అడిగాడు. ఆవిడ తర్వాతి రక్తపరీక్ష వచ్చే నెల. అది చూశాక చెబుతానన్నాను.